సత్యభామ సామాను... బందరు దారిలో!

నాటకానికి నటులుంటే చాలదు. కిరీటం కావాలి, జడ కావాలి, నగలు కావాలి, నిండు మనిషి కూర్చునేంత త్రాసు కావాలి. అవి ఎలా ఉండాలో ఇప్పుడు ఇంటర్నెట్ చూపిస్తుంది. చేత్తో పట్టుకుని చూడాలంటే మాత్రం కొండపల్లి నుంచి మచిలీపట్నం దాకా వెళ్లాల్సిందే!

'శ్రీకృష్ణ తులాభారం' నాటకం వేద్దామని ఓ నలుగురు అనుకున్నారనుకుందాం. ఆ ఊరు తెనాలి కావచ్చు, డల్లాస్ కావచ్చు. కృష్ణుడు దొరుకుతాడు. నారదుడూ దొరుకుతాడు. పద్యాలు నోటికొచ్చిన సత్యభామ దొరకడం కాస్త కష్టం. ఆవిడా దొరికిందనే అనుకుందాం. అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. సామాను జాబితా రాసుకోవాలి!

కృష్ణుడికి కిరీటం, నెమలిపింఛం, పిల్లనగ్రోవి. నారదుడికి తంబుర, చిడతలు. సత్యభామకు పాపిటబిళ్ల నుంచి పట్టీల దాకా ఒంటినిండా నగలు, నడుము దిగే జడ. రుక్మిణికి తులసికోట. రాజప్రాసాదం అనిపించేలా వెనక తెరలు. వీటన్నిటికీ మించి, ముత్తరాజు సుబ్బారావు రాసిన ఆ నాటకానికి ప్రాణంలాంటి వస్తువు ఒకటుంది. అదే త్రాసు. ఒక పళ్లెంలో కృష్ణుడు కూర్చోవాలి. రెండోదాంట్లో భామ నగలన్నీ గుట్టగా పోయాలి.

నాటకాలవాళ్లు వీటిని 'ప్రాపర్టీలు' అంటారు. వెనకటి రోజుల్లో సమాజం మేనేజరు ఈ జాబితా జేబులో పెట్టుకుని నేరుగా డ్రస్ కంపెనీకి వెళ్లేవాడు. తెనాలి, విజయవాడ, రాజమండ్రి లాంటి ఊళ్లలో కిరీటాలు, గదలు, విగ్గులు, సీనరీలు అద్దెకిచ్చే దుకాణాలుండేవి. రాత్రికి ఇంతని మాట్లాడుకుంటే పెట్టెలు ఊరికి వచ్చేవి. తెల్లారాక లెక్కచూసి తిరిగి పంపేవారు. పౌరాణిక నాటకాలు తగ్గేకొద్దీ అలాంటి దుకాణాలు స్కూలు వార్షికోత్సవాల మీదా, ఫ్యాన్సీడ్రస్ పోటీల మీదా ఆధారపడాల్సి వచ్చింది. కృష్ణుడి కిరీటం ఉంటుంది... కాకపోతే రెండో తరగతి పిల్లాడి తలకు సరిపోయేది!

అందుకే ఇప్పుడు దర్శకుడి చెయ్యి ముందుగా ఫోను మీదికి పోతుంది.

కూర్చున్నచోటికే మ్యూజియం

పోవడం తప్పేం కాదు. నిజానికి నాటకాలవాళ్లకు ఇంతటి సౌకర్యం మునుపెన్నడూ లేదు. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో తన సేకరణలో కాపీరైటు లేని వస్తువుల ఫొటోలు సుమారు 3.75 లక్షలు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ 2020లో 28 లక్షల చిత్రాలతో అదే పని చేసింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో రంగస్థలానికి ప్రత్యేక సేకరణే ఉంది. మన దేశంలో 'మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా' పోర్టల్ ద్వారా సాలార్‌జంగ్ మ్యూజియం లాంటిచోట్ల ఉన్న వస్తువులు చూడొచ్చు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు, నాటకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి.

అయితే చూడ్డంలోనూ ఓ పద్ధతుంది. అమ్మకాల సైటులో కత్తి కోసం వెతికితే బొమ్మ, ధర కనిపిస్తాయి. మ్యూజియం పేజీలో అయితే అది దేంతో చేశారు, ఎప్పటిది, ఎక్కడిది, పొడవెంత, వెడల్పెంత... అన్నీ ఉంటాయి. వస్తువును మళ్లీ తయారుచేయాలనుకునే వడ్రంగికి కావలసింది ఆ కొలతలే. బొమ్మను పెద్దది చేసుకుని చూస్తే చెక్కడం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కూడా తెలిసిపోతుంది.

సాంఘిక నాటకాలకైతే ఇది వరమే. 'కన్యాశుల్కం' సంగతి చూడండి. అది తొలిసారి రంగం మీదికి వచ్చింది 1892లో, విజయనగరంలో. ఇవాళ దాన్ని వేయాలంటే ఆ కాలపు దీపం, ఆ కాలపు కుర్చీ, ఆ కాలపు రూపాయి తెలియాలి. విక్టోరియా రాణి రూపాయి మీద 1877 నుంచి 'ఎంప్రెస్' అన్న మాట ఉంటుందని నాణేల సేకరణల్లో ఒక్క నిమిషంలో తెలుసుకోవచ్చు. ఇక మధురవాణి కంటె ఉండనే ఉంది. అది ఊరికే మెడలో వేలాడే నగ కాదు, కథను మలుపు తిప్పే వస్తువు. అలాంటిదాని స్థానంలో నిన్నటి ఫ్యాన్సీషాపు గొలుసు వేలాడితే ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఇట్టే పట్టేస్తాడు.

పౌరాణికం దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. ద్వాపరయుగం నాటి కిరీటం ఏ మ్యూజియంలో ఉంటుంది? మనకు తెలిసిన దేవుళ్ల రూపాలన్నీ గుడి శిల్పాల్లోంచి, రవివర్మ ప్రెస్సు అచ్చేసిన పటాల్లోంచి, గోడ క్యాలెండర్లలోంచి, సినిమాల్లోంచి వచ్చినవే. పైగా ఎంత మంచి ఫొటో అయినా ఒక్క విషయం చెప్పలేదు. ఆ వస్తువు చేతిలో ఎంత బరువుంటుందో!

భరతుడి మాట

రంగస్థలం వస్తువుకు రెండు గుణాలుండాలి. ఆఖరి వరసలో వాళ్లకి అది మహా బరువుగా కనపడాలి. మోసే నటుడికి మాత్రం దూదిలా ఉండాలి. ఈ సంగతి కొత్తదేం కాదు. నాట్యశాస్త్రంలో ఆహార్యం గురించి చెబుతూ భరతుడు ఈ వస్తువుల తయారీకి 'పుస్తం' అని పేరే పెట్టాడు. వెదురు, బట్ట, తోలు, లక్క, మైనం, అభ్రకం లాంటి తేలికైన వాటితో చేయమన్నాడు. బరువైన నగలు వేస్తే నటులు అలసిపోతారని, ఆయుధాలు నిజమైనవి కాకూడదని ఆనాడే హెచ్చరించాడు. రాగం తీసి పద్యం అందుకోవాల్సిన మనిషి నెత్తిన మూడు కిలోల ఇత్తడి కిరీటం పెడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు మరి!

ఆ తేలికదనం నేర్చిన చేతులు కృష్ణా తీరంలో ఒకే దారి పొడవునా ఉన్నాయి. కొండపల్లిలో కర్ర. కూచిపూడిలో జడ. పెడనలో బట్ట. చిలకలపూడిలో బంగారం... అనిపించే లోహం. ఈ చివరి నుంచి ఆ చివరికి వంద కిలోమీటర్లు కాస్త అటూ ఇటూ. పొద్దున్నే బయల్దేరితే ఒక్కరోజులో చుట్టిరావచ్చు. సావకాశంగా చూడాలంటే రెండ్రోజులు పెట్టుకోవడం మేలు.

కొండపల్లి: చెట్టులోనే ఉంది కిటుకు

విజయవాడ నుంచి పాతిక కిలోమీటర్ల లోపే కొండపల్లి. పైన కోట, కింద ఊరు, ఊళ్లో బొమ్మల కాలనీ. ఇళ్ల ముందు చెక్క పొట్టు, వసారాల్లో ఆరబెట్టిన తలలు, చేతులు, ఏనుగు తొండాలు. దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో ఇక్కడి దశావతారాలు, అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు ఉండాల్సిందే.

ఇక్కడి బొమ్మను చేతిలోకి తీసుకుంటే ముందు ఆశ్చర్యపరిచేది రంగు కాదు, బరువు లేకపోవడం. కారణం తెల్ల పొణికి కర్ర. మెత్తగా ఉంటుంది, ఉలికి ఇట్టే లొంగుతుంది. కర్రలో తేమ పోయేదాకా ఆరబెట్టి, సన్నని సెగ చూపించి, ఆ తర్వాతే పని మొదలుపెడతారు. బొమ్మంతా ఒకే కర్రలో చెక్కరు. ఏ భాగానికి ఆ భాగం చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన 'మక్కు'తో అతికిస్తారు. ఆ మక్కుతోనే ముక్కు, చెవులు, నగల చెక్కడాలు దిద్దుతారు. పైన సుద్ద పూత, దానిమీద రంగులు.

కిరీటం చేసే పద్ధతి కూడా ఇంతే కదా! తేలికైన కర్ర, దానిమీద ఉబ్బెత్తు పని, ఆపైన రంగు, మెరుపు. కూచిపూడి భాగవతులు వెనకటి కాలంలో వేసుకున్న ఆభరణాలు కూడా బూరుగు లాంటి తేలిక కర్రతో చేసినవే. వాటికి బంగారు రంగు కాగితం, అద్దాలు అతికిస్తే దివిటీల వెలుగులో ధగధగలాడేవి. తెలంగాణలో నిర్మల్ బొమ్మలదీ ఇదే పొణికి కుటుంబం. చేర్యాల కళాకారులైతే పొట్టు, చింతగింజల పిండితో ముఖాలే చేస్తారు.

కొండపల్లి దుకాణాల్లో కృష్ణుడి కిరీటం రెడీమేడ్‌గా ఉండకపోవచ్చు. కొలత ఇచ్చి, బొమ్మ చూపించి చేయించుకోవాలి. మ్యూజియం సైటులో చూసిన ఫొటో అక్కరకొచ్చేది సరిగ్గా ఇక్కడే. ఇక లేపాక్షి సంస్థ వాళ్ల సైటులో కొండపల్లి బొమ్మలు ఇంట్లో కూర్చునే కొనుక్కోవచ్చు. కానీ తల చుట్టుకొలత సైటుకు చెబితే ఏం లాభం?

ఇక్కడివాళ్ల దిగులల్లా చెట్టు గురించే. చుట్టుపక్కల కొండల్లో పొణికి తగ్గిపోతోందన్నది కళాకారులు చాలా ఏళ్లుగా చెబుతున్న మాట. నాటిన మొక్క పనికొచ్చే కర్రగా మారడానికి ఏళ్లు పడుతుంది. వేరే కర్ర వాడొచ్చు కదా అంటే వాడొచ్చు. కానీ అప్పుడు బొమ్మ బరువెక్కుతుంది. దాంతోపాటు భరతుడి మాటా నీళ్లపాలవుతుంది!

కూచిపూడి: జడ కాదు, సవాలు

తిరిగి విజయవాడ వచ్చి బందరు రోడ్డు ఎక్కితే కంకిపాడు, ఉయ్యూరు దాటాక పామర్రు. రెండువైపులా పచ్చటి చేలు, కాలువలు. ఇక్కడికి దగ్గర్లోనే ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు. 1957లో 'మాయాబజార్', 1966లో 'శ్రీకృష్ణ తులాభారం' చూసిన తెలుగువాళ్లకి కృష్ణుడి కిరీటం ఎలా ఉండాలో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఆ పోలిక రాకపోతే జనం ఒప్పుకోరు కూడా. రంగస్థలం వాళ్లు దగ్గర పెట్టుకోవాల్సిన 'రిఫరెన్స్' మ్యూజియంలోనే ఉండాలని లేదు. ప్రేక్షకుల కళ్లలో కూడా ఉంటుంది.

పామర్రు దగ్గర చల్లపల్లి దారిలోకి తిరిగితే కాసేపట్లో కూచిపూడి. చిన్న ఊరు. రామలింగేశ్వరస్వామి గుడి, సిద్ధేంద్రయోగి పేరుతో కళాపీఠం. ఈ అగ్రహారాన్ని భాగవతులకు గోల్కొండ తానీషా దానమిచ్చాడని ఇక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. పదాల క్షేత్రయ్య కొలిచిన మువ్వగోపాలుడి ఊరు, మొవ్వ కూడా పక్కనే.

సత్యభామ సామానులో అన్నిటికంటే చిత్రమైంది ఇక్కడే ఉంది. భామాకలాపంలో ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. దాని వెనక నుంచి భామ తన జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. 'నన్ను మించినవాళ్లుంటే రండి, ఓడిస్తే ఈ జడ కోసివ్వడానికి సిద్ధం' అని సవాలు చేయడమన్నమాట. అంటే ముందు ప్రేక్షకులకు కనిపించేది సత్యభామ ముఖం కాదు, ఆమె జడ! తలపై సూర్యుడు, చంద్రవంక, కిందికి నాగరం, చివర కుప్పెలు, జడగంటలు... ప్రతిదానికీ ఒక చోటు, ఒక అర్థం.

వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012) ఆ జడ వేసుకుని తెర తొలగిస్తే మగవాడన్న సంగతి మరిచిపోయి చూసేవారు జనం. తెనాలి రంగస్థలం మీద స్థానం నరసింహారావు (1902-1971) 'తులాభారం'లో సత్యభామగా అంతే పేరు తెచ్చుకున్నారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ చేసింది ఆడవేషమే. అలాంటి వేషానికి జడ, నగ అలంకారాలు మాత్రమే కావు. వాటిని సర్దుకునే తీరు, జడను ముందుకు వేసుకునే వయ్యారం, అలకొచ్చినప్పుడు విసిరికొట్టే విసురు... పాత్ర సగం అందులోనే ఉంది.

ఆన్‌లైన్లో 'కూచిపూడి జడ' అని వెతికితే పుట్టలుపుట్టలుగా దొరుకుతాయి. కొనుక్కోవడమూ తేలికే. కానీ తెర మీదుగా వేసినప్పుడు జారిపోకుండా ఉండాలంటే ఎంత పొడవుండాలి, గంటలు పద్యానికి అడ్డం రాకుండా ఎలా కట్టాలి అన్నవి గురువు చూపిస్తేనే తెలుస్తాయి. ఇంకో ముచ్చట. కరెంటు లేని రోజుల్లో ముఖ్యపాత్ర ప్రవేశించేటప్పుడు దివిటీల మీద గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గుమని మంట లేచేది. ఆ ఒక్క క్షణంలో కర్ర నగలు కాస్తా కనకం అయిపోయేవి. ఇప్పటి స్పాట్‌లైటుకు అదీ ఒక తాతే!

పెడన: సముద్రాలు దాటిన బట్ట

మళ్లీ పామర్రు మీదుగా బందరు దారి పడితే, ఆ ఊరికి పది కిలోమీటర్ల దూరంలో పెడన. అద్దకం ఊరు. లోకం కలంకారీ అంటుంది. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తే ఇక్కడ టేకుచెక్క అచ్చులతో అద్దుతారు. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండేస్తారు. పాత ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్లతో నలుపు. పటికతో అద్ది, వేళ్ల రంగులో ఉడికిస్తే ఎరుపు. మధ్యమధ్యలో పారే నీళ్లలో ఉతకాలి, ఎండలో ఆరాలి. అందుకే వానాకాలంలో ఇక్కడ ఆర్డరు తొందరపెడితే లాభం లేదు. నాటకం తేదీ అనుకున్న రోజే బట్ట చెప్పుకోవాలి.

పెడనకూ ఇంటర్నెట్ మ్యూజియాలకూ ఉన్న చుట్టరికం తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టుకున్నది ఇక్కడి బట్టల కోసమే. డచ్చివాళ్లు అంతకుముందే వచ్చారు. కోరమండల్ తీరం అద్దకాలకు ఇంగ్లండులో ఎంత గిరాకీ పెరిగిందంటే, అక్కడి నేతగాళ్ల గోల భరించలేక 1701లో, 1721లో వాటిని అడ్డుకోవడానికి చట్టాలే చేశారు! అలా వెళ్లిన బట్టలు ఇవాళ లండన్, న్యూయార్కు మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి. బ్రూక్లిన్ మ్యూజియంలో 17వ శతాబ్దం తొలినాళ్లలో ఈ తీరాన తయారైన కలంకారీ తెర ఒకటుంది. మొత్తం ఏడు ముక్కలు. ఒక్కోదాంట్లో ఒక్కో జాతి మనుషులు... వాళ్ల టోపీలు, పాగాలు, చెప్పులు, పాత్రలు, ఇళ్లు. నాటకాలకు దుస్తులు, వస్తువులు సమకూర్చేవాళ్లకి అంతకు మించిన పాఠ్యపుస్తకం ఉండదు. పెడనలో అచ్చులు చెక్కే కుర్రాడు ఇప్పుడు ఆ బట్టను తన ఫోనులో నూలుపోగు కనిపించేంత దగ్గరగా చూడొచ్చు.

కానీ అదే ఫోనులో ఇంకో ప్రమాదమూ ఉంది. 'కలంకారీ' అని అమ్ముతున్న వాటిలో చాలావరకు మరల మీదో, స్క్రీన్‌తోనో రసాయన రంగులు అచ్చొత్తినవే. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి. చేత్తో అద్దినదాంట్లో అచ్చుకూ అచ్చుకూ మధ్య వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. ఎక్కడా ఒక్క గీత తేడా లేకుండా ఉంటే అనుమానించాల్సిందే. నాటకానికి స్క్రీన్ బట్ట చాలదా అంటే చాలు. ఆఖరి వరసకు తేడా తెలియదు. కానీ నాటకాలవాళ్లు కూడా కొనకపోతే అచ్చు చెక్కేవాళ్లకు మిగిలే గిరాకీ ఎంత?

చిలకలపూడి బంగారం

'అది చిలకలపూడి బంగారం లే' అంటే తెలుగునాట అర్థం కానివాళ్లుండరు. మెరుస్తుంది కానీ అసలుది కాదని! మచిలీపట్నంలో భాగమైన చిలకలపూడికి ఆ మాటంటే కోపం లేదు. ఊరి ఖ్యాతే అది. ఇత్తడి, రాగి రేకుల్ని అచ్చుల్లో కొట్టి, తీగలు అతికి, రాళ్లు పొదిగి, పైన బంగారు పూత వేస్తారు. కాసులపేరు, వంకీలు, వడ్డాణం, కంటె, జూకాలు... ఏది కావాలన్నా ఉంది. ఒకరు అచ్చు కొడితే ఇంకొకరు అతుకుతారు. రాళ్లు పొదిగే పని ఎక్కువగా ఇళ్లలో ఆడవాళ్లది. పోతేపల్లిలో దీనికోసమే జ్యూయలరీ పార్కు వెలిసింది.

పెళ్లిళ్లకు, నాట్య ప్రదర్శనలకు, దేవుడి అలంకారాలకు ఇక్కడి సరుకు ఎన్నో రాష్ట్రాలకు వెళ్తుంది. ఊళ్లోని పాండురంగస్వామి గుడికి వచ్చిన భక్తులు కూడా ఓ జత గాజులైనా కొనకుండా వెనక్కి వెళ్లరు. ఆన్‌లైన్ వ్యాపారం వచ్చాక ఎక్కడివాళ్లయినా ఫొటో చూసి తెప్పించుకోవచ్చు. డల్లాస్‌లో సత్యభామకు అదే దారి. కాకపోతే నాటకానికి కొనేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, దగ్గర నుంచి బాగున్న సన్నపని దూరానికి కనిపించదు. పెద్ద రాయి, వెడల్పాటి రేకు ఉన్నవే దీపాల వెలుగుకు మెరుస్తాయి. రెండు, గుట్టగా పోసేందుకు కావలసినవి వేరు, వేసుకునేందుకు కావలసినవి వేరు. పోసేవి పళ్లెంలో పడ్డప్పుడు గలగలమనాలి. ఆ చప్పుడు ఫొటోలో వినపడదు!

త్రాసు ఎవరి దగ్గరుంది?

కిరీటం, జడ, తెరలు, నగలు సమకూరాయి. మిగిలింది త్రాసు. ఇదొక్కటి మాత్రం ఏ ఊరి దుకాణంలోనూ లేదు, ఏ సైటులోనూ లేదు.

ఎందుకంటే ఇది మామూలు త్రాసు కాదు. నగలు గుట్టలుగా పోస్తున్నా కృష్ణుడి పళ్లెం లేవకూడదు. దీంతో చిక్కు లేదు. అవి చిలకలపూడి నగలు, కృష్ణుడు డెబ్భై కిలోల మనిషి. అంతవరకు త్రాసు నిజమే చెబుతుంది! అసలు పరీక్ష తులసిదళంతో వస్తుంది. రుక్మిణి ఒక్క ఆకు పెట్టగానే డెబ్భై కిలోలూ పైకి లేవాలి. ఒక్క క్షణం ముందు లేచినా, రెండు క్షణాలు ఆలస్యమైనా జనం నవ్వుతారు.

దీనికి ఏ సమాజం ఉపాయం వాళ్లది. దూలం కొసను తెర వెనక్కి పోనిచ్చి ఇద్దరు బలంగా కిందికి లాగొచ్చు. ఇసుకమూట కట్టి సమయానికి వదలొచ్చు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి కుటుంబాలు ఆకాశం నుంచి నారదుణ్ని దించడం, గాల్లో బాణాలు ఢీకొట్టించి నిప్పులు రాల్చడం లాంటివి తీగలతో, తాళ్లతో, కప్పీలతో తరాలుగా చేసి చూపిస్తున్నాయి. వాళ్ల పనితనమంతా ఏ పుస్తకంలోనో లేదు. తండ్రి తాడు లాగుతుంటే పక్కన నిలబడ్డ కొడుక్కి వచ్చింది.

ఇలాంటి విద్య ఆ తాడు పట్టుకున్న మనిషితోనే ఉంటుంది. సమాజం మూతపడితే పెట్టెలు పాతసామాన్ల దుకాణానికి వెళ్తాయి. త్రాసు దూలం ఏ పందిరి గుంజకో పనికొస్తుంది. అది ఎలా లేచేదో చెప్పేవాళ్లుండరు.

విదేశీ మ్యూజియాల పేజీల్లో మన తీరం బట్టల కొలతలు ఉంటాయి, రంగులుంటాయి, కాలం ఉంటుంది. చేసినవాళ్ల పేరు మాత్రం చాలాచోట్ల ఉండదు. నాలుగు వందల ఏళ్ల కిందటి అద్దకందారు ఎవరో రాసిపెట్టినవాళ్లు లేరు మరి. ఇవాళ్టివాళ్లు మాత్రం మన కళ్లముందే ఉన్నారు. కిరీటం చెక్కినదెవరు, ఏ కర్ర, ఎంత ఎత్తు, ఎంత బరువు, తాడు ఎటు నుంచి ఎటు కట్టారు... నాటకం వేసే ప్రతి సమాజమూ ఫోనులో నాలుగు ఫొటోలు, పది నిమిషాల వీడియో తీసి దాచిపెడితే చాలు. పెద్ద ఖర్చేమీ కాదు. చేసినవాళ్ల పేరు చేర్చడం మరిచిపోకూడదంతే. రేపు ఎవరైనా 'తులాభారం త్రాసు' అని వెతికితే దొరకాల్సింది అదే.

కొండపల్లి నుంచి చిలకలపూడి దాకా తిరిగినా జాబితాలో ఒకటి కొనకుండా మిగిలిపోతుంది. అదే తులసిదళం. నాటకం మొత్తంలో అసలైన వస్తువు అదొక్కటే. ప్రదర్శన రోజు సాయంత్రం హాలు పక్కనున్న ఏ ఇంటి తలుపు కొట్టినా సరే, పెరట్లో కోట ఉంటే ఇస్తారు.